ఎవరూ పోయని నీళ్ళు

మెట్లవీధిలో ఆ పొద్దున మొక్కల్ని నిద్రపుచ్చుతున్నారు.

మొక్కకొక గ్లాసు చొప్పున నిదురనీరు మట్టిలో పోసి, కాసేపు పక్కనే నిలబడతారు. ముందు లేత చిగుళ్ళు తల వాలుస్తాయి. తరవాత ముదురాకులు ఒక్కటొక్కటే ముడుచుకుంటాయి, పాలు తాగి పసిపిల్ల గుప్పిట మూసినట్టు. ఆపైన పచ్చదనం మెల్లగా లోపలికి తగ్గి, ఆకు మీదికి వెండిపూత తేలుతుంది. ఇక ఆ మొక్క పెరగదు, వాడదు, పూయదు, నీళ్ళడగదు. నలభై రోజులైనా అరవై రోజులైనా అలాగే ఉంటుంది. ఊరినుంచి తిరిగొచ్చి మేలుకొలుపు నీరు చిలకరిస్తే, ఏ మొగ్గ దగ్గర ఆగిందో ఆ మొగ్గ దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది.

వీరవేణి చీపురు చంకలో పెట్టుకుని తన వాకిట్లోంచి పైకి చూస్తోంది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద, ఒకరి కప్పు పైవారి వాకిలితో సమానంగా ఉండేట్టు మెట్లు మెట్లుగా కట్టిన ముప్ఫై ఒక్క ఇళ్ళు. అడుగున ఉన్నది ఆవిడది. చూస్తూండగానే పైమెట్టు మీద పచ్చదనం వెండి అయింది. దాని కిందిది అయింది. వెన్నెల పట్టపగలు మెట్లు దిగి వస్తున్నట్టు ఒక్కొక్క కప్పే తెల్లబడుతూ వచ్చింది.

"అక్కడ నిలబడి ఊరోళ్ళ మొక్కలకి జోల పాడతా ఉంటే, పెట్టెలో బట్టలు వాటంతటవే సద్దుకుంటాయేటి?" అన్నాడు లోపల్నుంచి గంగరాజు.

"సద్దేశానండీ. రాత్రే సద్దేశాను. మీ ఉన్నిచొక్కా కూడా పెట్టాను."

"నాకెందుకే ఉన్నిచొక్కా? నలభై ఏళ్ళ నుంచి ఆ కొండకి ఎక్కి దిగుతున్నోణ్ణి. చలి పుట్టేది నీకు."

ఆ మాటకి వీరవేణి ఒళ్ళు నిజంగానే జలదరించింది. చలి! అరవయ్యో ఏట ఆవిడ చలి చూడబోతోంది.

ఎండలు ముదిరి, పచ్చకప్పు లేని ఇంట్లో మనుషులు కాపురం చెయ్యకూడదని చట్టం వచ్చి అప్పటికి యాభై ఏళ్ళు. అంచేత మిద్దె మీద మొక్కలంటే అలంకారం కాదు, ఇంటికి గొడుగు. మొక్క పోతే గొడుగు చిరిగినట్టే. ఒక్క పూట ఎండకి గోడలు పెనంలా కాలిపోతాయి. ఏటా వైశాఖం నుంచి నలభై రోజులు ఎండసెలవు ఇస్తారు, ఊళ్ళకి ఊళ్ళు గాలిపడవలెక్కి లంబసింగి కొండల మీదికి పోతాయి. మనుషులు పోతారు సరే, మొక్కలు ఎలా పోతాయి? అక్కడే ఉండేది చిక్కంతా. గొట్టాలు పెట్టి చూశారు, గొట్టాల్లో నీళ్ళు కాగి వేళ్ళు ఉడికిపోయాయి. యంత్రాలు పెట్టి చూశారు, అవి మల్లెకీ బొప్పాయికీ ఒకే లెక్కన పోశాయి. చివరికి మెట్లవీధి వాళ్ళు కనుక్కున్న యంత్రం పేరు వీరవేణి.

"వీరవేణొదినా, మొక్కలు నీ చేతుల్లో పెట్టి వెళుతున్నాం" అనేవారు. ఆ ఒక్క మాట అని పడవెక్కేవారు. గుమ్మాలు ముఖాలు గుర్తుపట్టి తలుపు తీసే రోజులు కదా, వీధిలో ముప్ఫై గుమ్మాలకీ ఆవిడ ముఖం తెలుసు. పొద్దున్న పై మెట్టునుంచి మొదలుపెడితే, "రండి వీరవేణిగారూ, రండి వీరవేణిగారూ" అంటూ గుమ్మం తరవాత గుమ్మం తెరుచుకునేది. వాళ్ళింట్లో నిమ్మకి ఎంత, వీళ్ళింట్లో దొండపాదుకి ఎంత, ఎవరి గులాబీ ఎవరు పోస్తేనే తాగుతుంది, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. నలభై ఎండాకాలాలు అలా గడిచాయి. మొగుడు వీధినంతా కొండకి మోసుకెళ్ళే గాలిపడవ సరంగు. ఆవిడ మాత్రం ఒక్కసారీ పడవెక్కలేదు.

నిదురనీరు వచ్చి మూడేళ్ళయింది. మొదట ఒకరిద్దరు వాడారు. ఈ ఏడాది వీధి వీధంతా కొన్నారు. ఇక అవసరం లేదు కదా అని, గుమ్మాల్లోంచి వీరవేణి ముఖాన్ని తీసేశారు కూడాను. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడకి గుండెలో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కాని వెంటనే, అయితే నేనూ వెళ్ళొచ్చన్నమాట, అనుకుంది.

ఆవిడకి కొండ మీద చూడవలసింది ఒక్కటే. మంచుబొట్టు.

చిన్నప్పుడు వాళ్ళ మామ్మ చెబుతూండేది. "నా పెళ్ళినాటికి ఇక్కడా పడేదే. పొద్దున్నే ముగ్గెయ్యడానికి వస్తే గడ్డిపరక మీద నీళ్ళుండేవి. ఎవరూ పోసినియ్యి కాదు. వాన కాదు. ఆకాశం ఎవరికీ చెప్పకుండా వచ్చి పోసెళ్ళిపోయేది." రాత్రుళ్ళు చల్లబడటం మానేశాక ఆ నీళ్ళు మైదానం మీద కనపడలేదు. బతుకంతా ఆకుల మీద నీళ్ళు పోసిన వీరవేణికి, ఎవరూ పొయ్యకుండా తడిసిన ఆకుని ఒక్కసారి చూడాలని. అంతే కోరిక. నలభై ఏళ్ళు దాచుకుంది.

ఈ ఏడు కాకపోతే మరి లేదు. వచ్చే ఏటినుంచి గాలిపడవలు సరంగు లేకుండా తమంతట తామే నడుస్తాయట. సరంగు పెళ్ళానికి ముందు గదిలో, అద్దాల దగ్గర, కూర్చునే హక్కు ఈ ఒక్క సెలవు వరకే.

చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్ళబోతూండగా, "వదినా, ఉన్నావా?" అని పిలుపు వినపడింది.

పై ఇంటి మాణిక్యాంబ. బళ్ళో పంతులమ్మ, మాట ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుంటుంది. చేతుల్లో తులసికుండీ.

"అన్నిటికీ పోశాను వదినా. కరివేపకీ పోశాను, మందారానికీ పోశాను. దీని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. ఆ సంస్థవాళ్ళు ఫర్వాలేదనే రాశారనుకో. రోజూ దీపం పెట్టే తల్లిని నిద్రపుచ్చి ఊళ్ళు పట్టుకు తిరుగుతామా, చెప్పు?"

"అది కాదండీ పంతులమ్మగారూ, ఈసారి నేనూ..."

"ఒక్క చెంబు వదినా. నీ తులసమ్మ పక్కన పెట్టేస్తాను. నువ్వెలాగూ ఉంటావు కదా."

నువ్వెలాగూ ఉంటావు. ఆ మాటకి వీరవేణి కుండీ వైపు చూసింది. కాండం మొదట్లోనే కుమ్మరించి కుమ్మరించి పోస్తుంటుందేమో, మట్టి కొట్టుకుపోయి వేరు పైకి తేలి ఉంది.

"మొదట్లో పోస్తారేటండీ దీనికి?"

"మరెక్కడ పోస్తారు?"

"చుట్టూ పొయ్యాలండీ. అన్నం పెట్టేటప్పుడు నోట్లో కుక్కుతామా?"

ఆ మాట మాణిక్యాంబ విన్నదో లేదో, కుండీ దించేసి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాల కొసయింటి తాతారావు వచ్చాడు. గాలీ వానా లెక్కలు కట్టే కచేరీలో చేసి దిగిపోయినవాడు, దేవుడంటే నమ్మకం లేదని వీధంతా చెప్పుకుంటాడు. ఆయన చంకలోనూ ఒక తులసి ఉంది. "నాదని కాదు చెల్లెమ్మా, పోయిన మీ వదినది" అని నసిగి, గోడవార పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు. తరవాత ఇంకొకరు. ఇంకో ఇద్దరు. కృష్ణతులసి, లక్ష్మీతులసి, మూతి విరిగిన కుండలో ఒకటి, ఇత్తడి బిందెలో ఒకటి. వర్జ్యం రాకుండా పదిన్నరకి బయల్దేరాలని అందరికీ కంగారే. అందరి నోటా అదే మాట. నువ్వెలాగూ ఉంటావు కదా.

పది దాటేసరికి వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు. ముప్ఫై తులసులు, తనది ముప్ఫై ఒకటోది.

గంగరాజు పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు.

"ఇక్కడ ఉండనని చెప్పలేకపోయావా? వెళుతున్నానని చెప్పలేకపోయావా?"

"వాళ్ళు అడగలేదండీ."

"నోరుందిగా నీకు!"

"ఉంది. చెబ్దామనే తెరిచాను. ఈలోగా ఇంకో కుండీ వచ్చేసింది."

"ఒకళ్ళు పోస్తే పుణ్యం, ముప్ఫైమంది నెత్తిన పెడితే వెట్టిచాకిరీ అంటారే దీన్ని" అన్నాడు గంగరాజు. ఆయన కోపం ఎప్పుడూ వణుకుతూనే వస్తుంది. పెట్టె తెరిచి, ఆవిడకోసం కొన్న కొత్త ఉన్నిశాలువా తీసి, మంచం మీద పెట్టి, ఒక్కడే మెట్లెక్కి పైనున్న పడవరేవుకి వెళ్ళాడు.

గాలిపడవ లేచింది. గట్టు మీద నీడ జారుకుంటూ గోదావరి దాటింది. వీధిలో ఒక్క మనిషి మిగిలింది.

నిద్రపోతున్న వీధిలో ఒంటరిగా ఉండటమంటే ఏమిటో అంతకుముందు వీరవేణికి తెలియదు. వెనకటి సెలవుల్లో మనుషులు లేకపోయినా మొక్కలుండేవి. ఇవాళ మల్లె తెరుచుకుంది, రేపు దొండ కోతకొస్తుంది అని వాటితో మాటలుండేవి. ఇప్పుడు గాలి వీచినా ఆకు కదలదు. కప్పులమీద వెండి బొమ్మల్లా నిలబడి ఉన్నాయన్నీ.

నీళ్ళు మనిషికి రోజుకు రెండు బిందెలు, అదీ మనిషి ఇంట్లో ఉంటేనే. ఆ రెండు బిందెల్లో ఒకటిన్నర తులసులకే సరిపోయేది. మిగిలిన సగంతో స్నానం, వంట. ఒకళ్ళు బియ్యం కడుగు పోస్తారని ఆ కుండీకి అదే పోసింది. తాతారావుగారి భార్య పోసేటప్పుడు కూనిరాగం తీసేదని గుర్తొచ్చి, ఆ కుండీ దగ్గర తనూ తీసింది. మాణిక్యాంబ కుండీలో వేరుకి కొత్త మట్టి కప్పింది. "ఏమ్మా, మీ ఆవిడ పిల్లలకి పాఠాలు కూడా ఇలాగే కుమ్మరించేస్తదా?" అని అడిగింది దాన్ని.

వారం తిరక్కుండా తులసులు వెన్నులు తొడిగాయి. పూత రాగానే తేనెటీగలు దిగాయి. ముందు పది, మర్నాడు వంద, ఆపైన లెక్క లేదు. ఊరంతా నిద్రపోతుంటే పాపం ఎక్కడికి పోతాయి? మెలకువగా ఉన్న పువ్వు ఈ వాకిట్లోనే ఉంది. కుండీల మధ్య నడుస్తుంటే చీర కుచ్చెళ్ళ చుట్టూ తంబురా మోగుతున్నట్టుండేది. ఒక్కటీ కుట్టలేదు.

కాని రోజూ తెల్లారుగట్ల, వెలుగు ఇంకా పలచగా ఉండగానే, ఆ ఈగలన్నీ వాకిలి విడిచి గుంపుగా మెట్లపైకి పోతున్నాయి. ఎండ పొడ తగిలేసరికి తిరిగొస్తున్నాయి. నిద్రపోతున్న మొక్కల దగ్గర వీటికేం పని అని వీరవేణికి అంతుపట్టలేదు. ఇరవై రెండోనాడు, ఇక ఉండబట్టలేక, శాలువా భుజాన వేసుకుని వాటి వెనకాల మెట్లెక్కింది.

మాణిక్యాంబగారి గుమ్మం పక్కనుంచి వెళుతుంటే, "మీరెవరో తెలియలేదు" అంది గుమ్మం.

"తెలీకపోతే మానె. కప్పు చూసి పోతాను" అని పక్కమెట్ల మీదుగా మిద్దె ఎక్కింది.

ఎక్కి, చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

ముందు ఆవిడకి కోపం వచ్చింది. ఎవరు పోశారివి? నిద్రపోతున్న మొక్కకి నీళ్ళు పొయ్యకూడదని డబ్బా మీద ఎర్రక్షరాలతో రాసుంది కదా, ఎవరికి పుట్టింది ఈ బుద్ధి? మందారం తడిసి ఉంది. కరివేప తడిసి ఉంది. ఆకు ఆకునా నీళ్ళు. తల తిప్పి పై కప్పు చూసింది, అదీ తడే. ఆపైదీ తడే. అంత పొద్దున ముప్ఫై కప్పులూ ఎవరో కడిగినట్టున్నాయి.

ఎవరో అంటే ఎవరు? వీధిలో తను తప్ప మనిషేడీ?

వీరవేణి మోకాళ్ళమీద కూర్చుంది. మందారపాకు కొసన ఒక బొట్టు నిలిచి ఉంది. గుండ్రంగా, కదిలితే పడిపోతానన్నట్టు. దానిలో తెల్లవారుతున్న ఆకాశం ఉంది, తలకిందులుగా గోదావరి ఉంది, ఇంతంత చుక్కలా ఆవిడ ముఖమూ ఉంది. వేలు చాపి ముట్టుకుంది. చల్లన! యంత్రంలోంచి వచ్చే చల్లదనం కాదు. బావిలోపలి రాతిని తాకినట్టు, ఎక్కడిదో దూరపు చల్లదనం. బొట్టు వేలిమీదికి ఎక్కింది. దాన్ని రెండు కళ్ళకీ అద్దుకుంది.

"ఓలమ్మ" అంది.

తేనెటీగలు ఆకుల అంచున బారులు తీరి తాగుతున్నాయి. వెండి ఆకులమీంచి బొట్లు జారి పళ్ళేల్లో పడుతున్నాయి. పైమెట్టు మీద ఒక బొట్టు, దాని కింద ఒక బొట్టు, వీధంతా టప్ టప్ అని ముప్ఫై మెట్ల పొడవునా సన్నటి చప్పుడు. ఇన్నాళ్ళూ రోజూ తన నెత్తిమీదే ఈ సందడి జరిగింది, తను కింద నిద్రపోయింది! సూర్యుడు గట్టు దాటగానే అన్నీ ఒక్కసారి వెలిగాయి. మరి కాసేపటికి ఒక్కటీ లేదు. కప్పులు పొడిగా, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి.

ఆకాశం ఎవరికీ చెప్పకుండా వచ్చి పోసెళ్ళిపోయింది, మామ్మ చెప్పినట్టే.

ఎవరికి చెప్పాలి? కొండ మీదికి మాట పంపే చేతిపలక తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఎల్లుండి సామాన్లకని గంగరాజు పడవ దించుతాడు. మాటల్లో చెబితే నవ్వుతాడు, నలభై ఏళ్ళు చూసినవాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాలి.

అయితే అప్పటికే కొండమీద ఇంకో కథ నడుస్తోంది. నిదురనీరుతోపాటు ఈ ఏడాది తడికన్ను అని ఒకటి ఇచ్చారు. చింతగింజంత ఉంటుంది, ఆకుకి తగిలిస్తే మొక్క సంగతి చేతిపలకకి చెబుతూంటుంది. ఎందుకైనా మంచిదని, మూడు వారాలు నోరు మూసుకుని లెక్క చూసుకున్నాక గాని అది హెచ్చరిక పంపదు. ఆ పొద్దున ముప్ఫై పలకల్లో ఒకేసారి ఒకే మాట వచ్చింది. "మీ మొక్క ఆకులు రోజూ తడుస్తున్నవి. ఎవరో నీళ్ళు పోయుచున్నారు."

వీధిలో ఉన్నది ఎవరో అందరికీ తెలుసు.

రెండోనాటి సాయంత్రం గాలిపడవ దిగేసరికి, దానిలో సామాన్ల బుట్టలకి బదులు మనుషులున్నారు. మెట్లమీద ధనధనమని అడుగులు. ముందు మాణిక్యాంబ, వెనక తాతారావు, ఆ వెనక ఇంటికొకరు. అందరికన్నా వెనకాల తల వంచుకుని గంగరాజు.

వాకిట్లోకి వచ్చి మాణిక్యాంబ ఒగరుస్తూ నిలబడింది. "నలభై ఏళ్ళు పోసిన చెయ్యి ఊరుకోలేదన్నమాట."

"ఏటండీ?"

"గుమ్మాల్లోంచి నీ ముఖం తీసేశామని కోపమా వదినా? మా కప్పులు కుళ్ళబెడితే నీకేం వచ్చింది? వేరు కుళ్ళితే మళ్ళీ పచ్చకప్పు లేవడానికి రెండేళ్ళు. అందాకా పిల్లల్ని ఏ గుహలో పెట్టుకోవాలి?"

"ఒక్క తులసమ్మకి పొయ్యమంటే" అంది ఇంకొకావిడ, "ఊరంతా అభిషేకం చేసేసింది."

వీరవేణికి ముందు అర్థం కాలేదు. అయ్యాక, ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గంగరాజు వైపు చూసింది. ఆయన మెల్లగా అన్నాడు, "నేను నమ్మలేదే. వేణి అలాంటిది కాదన్నాను. కాని... నీ చెయ్యి గురించి నాకూ తెలుసు కదా."

అదే ఎక్కువ నొప్పెట్టింది. చెంబు కింద పెట్టి, కొంగు దోపుకుని లేచింది.

"పంతులమ్మగారూ, మీరు లెక్కలు చెబుతారు కదా. మనిషికి రోజుకి రెండు బిందెలు. వీధిలో ఉన్నది నేనొక్కదాన్ని. మీ తల్లులు ముప్ఫైమంది ఒకటిన్నర బిందె తాగుతారు. మిగిలిన సగంతో ముప్ఫై కప్పులు తడపాలంటే ఎలాగో చెప్పండి, నేర్చుకుంటాను. నా పెరట్లో గోదారుందేటి?"

తాతారావు వేళ్ళమీద ఏదో లెక్క కట్టి, ఆగి, ఆకాశం వైపు చూశాడు.

"మరి తడి ఎక్కడిది చెల్లెమ్మా?"

"నేను చెబితే ఏం నమ్ముతారు? తెల్లారేదాకా ఉండండి, మీ కళ్ళే చెబుతాయి. వంట చేస్తాను, మీ మీ ఇళ్ళలో వంకాయా బెండకాయా అన్నీ నిద్రపోతున్నాయిగా!"

కోపంతో వచ్చినవాళ్ళు ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోదామనే చూశారు. కాని ఆకలి కోపంకన్నా పెద్దది. ఆ పూట ముప్ఫైమందీ వచ్చారు కాబట్టి ముప్ఫైమంది నీళ్ళూ వచ్చాయి. పెద్ద డేగిసాతో పప్పుచారు కాచింది. తులసుల మధ్య సందు చేసుకుని బాసింపట్లు వేసుకుని తిన్నారు. తాతారావు తన కుండీ దగ్గరే కూర్చున్నాడు. "దీనికి నువ్వు కూనిరాగం తీస్తున్నావా?" అని అడిగాడు హఠాత్తుగా. వీరవేణి తలూపింది. ఆయన తల వంచుకుని చారు జుర్రుకున్నాడు.

తెల్లారుగట్ల తేనెటీగలు లేచాయి. వాటి వెనక వీరవేణి, ఆవిడ వెనక వీధి. చిన్నగా మాట్లాడుకుంటూ మెట్లెక్కినవాళ్ళు మాణిక్యాంబ కప్పు మీదికి చేరేసరికి ఒక్కొక్కరే మాట మానేశారు.

బొట్లు పుడుతున్నాయి. మొన్న వీరవేణి ఎక్కినప్పటికన్నా ముందే వచ్చారు కనక పుట్టడం చూశారు. ముందు వెండి ఆకు మీద ఊపిరి తగిలిన అద్దంలా మసక. మసకలోంచి ఆవగింజలు. ఆవగింజ ఆవగింజని కలుపుకుని ముత్యం. ముత్యం బరువెక్కి ఆకు కొసకి నడిచి, అక్కడ నిలబడి, ఆలోచించి, రాలింది. ఒకటి రాలిన చోట ఇంకొకటి. ఒక్క చెయ్యి లేదు, ఒక్క చెంబు లేదు, ఒక్క గొట్టం లేదు. ముప్ఫై కప్పుల మీద కొన్ని లక్షల ఆకులు వాటంతటవి నీళ్ళాడుతున్నాయి.

తాతారావు అక్కడి ఒక కుండీ మట్టిలో వేలు పెట్టి చూశాడు. పొడి. ఆకు వెనక చెయ్యి పెట్టాడు. చల్లన.

"మొక్క తాగటంలేదు, పీల్చటంలేదు" అన్నాడు, గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. "వెండిపూత పగటి ఎండని పైకి తిప్పికొడుతోంది. రాత్రి తనలో ఉన్న వేడిని కూడా ఆకాశానికి ఇచ్చేస్తోంది. అలా ఆకు చల్లబడిపోయింది. గోదారి మీంచి వచ్చే తడిగాలి దాన్ని తాకి నీరయింది. ఆ సంస్థవాళ్ళు ఒక్కో మొక్కనీ గదిలో పెట్టి నిద్రపుచ్చి చూసుంటారు. నది ఒడ్డున వీధంతా కలిసి నిద్రపోతే ఏమవుతుందో ఎవరు చూశారు? అరవై ఏళ్ళ తరవాత మైదానం మీద మంచు పడింది. ముప్ఫై ఏళ్ళు ఆ కచేరీలో కూర్చున్నాను, నా జన్మలో ఈ మాట రాస్తాననుకోలేదు."

"ఉష్షు" అంది ఎవరో. "చూడనివ్వండి."

మాణిక్యాంబ తన మందారం ముందు నిలబడి ఉంది. అది ఆవిడ పెళ్ళినాడు నాటిన మొక్క. ఒక బొట్టు ఆవిడ చేతిమీద రాలింది. దాన్ని తుడుచుకోలేదు. ఇస్త్రీ మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"నువ్వు కొండకి రావాలనుకున్నావటగా" అంది తిరక్కుండానే. "మీ ఆయన పడవలో చెప్పాడు. నేను కుండీ తెచ్చిన పూట పెట్టె సర్ది ఉందట. ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెబ్దామనే అనుకున్నానండీ. మీరు, నువ్వెలాగూ ఉంటావు కదా, అన్నారు."

మాణిక్యాంబ గంగరాజుని పిలిచింది. "అన్నయ్యగారూ, పడవ ఎప్పుడు లేస్తుంది?"

"ఇప్పుడే. పొద్దెక్కకుండా లేవాలి. మీ పిల్లలంతా అక్కడే ఉన్నారు కదండీ. ఎవరెవరు ఎక్కుతారు?"

"నేనెక్కను. పిల్లల దగ్గర మా అత్తగారున్నారు. నా చోట వదిన ఎక్కుతుంది."

"నాకెందుకండీ ఇంకా" అంది వీరవేణి. "చూడాల్సింది ఇక్కడే చూశాను."

"ఇది నువ్వు మాకు చూపించావు. అక్కడిది నువ్వు చూసి రా. తులసమ్మలకి నేను పోస్తాను. ముప్ఫై ఒక్కటికీ."

"ఇద్దరం పోస్తాం" అన్నాడు తాతారావు. "నా దానికి కూనిరాగం నాకూ వచ్చు."

వీరవేణి భుజాన ఉన్న శాలువా సర్దుకుంది. పెట్టె తెచ్చుకునే వేళ లేదు. గంగరాజు చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతూంటే, వెనకాల మాణిక్యాంబ తన చేతిపలక తీసి ఏదో గీసింది. ఆవిడని చూసి పక్కింటావిడ తీసింది. ఆపైన అందరూ తీశారు. మూడో ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది టక్కున తెరుచుకుని, "రండి వీరవేణిగారూ" అంది. నాలుగోదీ అంది. ఐదోదీ అంది. పడవరేవు దాకా గుమ్మం తరవాత గుమ్మం తెరుచుకుంటూనే పోయింది. "వస్తానమ్మా, ఊరెళ్ళి వస్తాను" అని ప్రతి గుమ్మానికీ చెప్పుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

ముందు గదిలో అద్దాల పక్క కూర్చుంది. గాలిపడవ లేచింది.

నలభై ఏళ్ళు కిందినుంచి పైకి చూసిన వీధి, మొదటిసారి పైనుంచి కనపడింది. సూర్యుడు అప్పుడే గట్టు దాటుతున్నాడు. ముప్ఫై మెట్ల వెండి ఒక్కసారిగా అంటుకుంది. ఆకు ఆకునా ఒక సూర్యుడు. గోదావరిలోంచి గట్టు మీదికి ఎవరో వెలుగుని మెట్లు కట్టి పేర్చినట్టుంది. అడుగున, ఆ వెండికంతటికీ పాదం దగ్గర, అరచెయ్యంత పచ్చ. ముప్ఫై ఒక్క తులసులు. ఇంకో పొద్దున మంచు చూసి వస్తామని ఆగిపోయినవాళ్ళు కప్పుల అంచుల్లో చీమల్లా నిలబడి చేతులూపుతున్నారు.

"ఎలా ఉందే?" అన్నాడు గంగరాజు, చుక్కాని వదలకుండా.

ఆవిడ అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. అడుగు వాకిట్లో మాణిక్యాంబ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చెంబుతో కుండీ కుండీకీ వంగుతోంది. వంగడం చూస్తేనే తెలిసిపోతోంది.

వీరవేణి గబుక్కున అద్దం పక్కకి నెట్టి, చల్లగాలిలోకి తల పెట్టి, వీధి వీధంతా వినపడేట్టు కేకేసింది.

"పంతులమ్మగారూ! మొదట్లో కాదండీ! చుట్టూ పొయ్యండి, చుట్టూ!"